విశాఖ–భీమిలి తీరం: ఒక్క రోజులో ఏవి చూడొచ్చు?

ప్రశ్న: ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలతో విశాఖ వస్తున్నాం. భీమిలి బీచ్ రోడ్డులో ఏ వరుసలో చూస్తే బాగుంటుంది? మంగమారిపేట రాతి తోరణం దగ్గరకు వెళ్లొచ్చా?

జవాబు: దారిలో ఆగకుండా పొద్దున్నే ముందు ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లండి. అక్కడ నీడ తక్కువ, పదయ్యేసరికి ఎండ దంచేస్తుంది. ఇనుము ఆక్సీకరణం వల్ల ఎర్రబారిన ఇసుకను వాన కోసి చేసిన గెడ్డలు (లోతైన వాగుల్లాంటి కోతలు) అవి. అంచులు గుల్లగా ఉంటాయి, కాలు పెడితే విరిగిపడతాయి. అందుకే అడుగున నడవండి, గట్లు ఎక్కొద్దు. వర్షం పడిన రోజు మానుకోండి.

తర్వాత భీమిలిలో డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. వీటికి గంట చాలు.

తిరుగు దారిలో తొట్లకొండ. ఈ బౌద్ధ స్థలాన్ని 1976లో గుర్తించారు. వర్షపు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లను తీరిగ్గా చూడండి.

దానికి దగ్గరలోనే, సముద్రం వైపున రాతి తోరణం. ఆటు సమయంలోనే, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడే దగ్గరకు వెళ్లాలి. ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న వెళ్లొచ్చినవారి మాట నమ్మకుండా ఆ రోజు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. నీరు పూర్తిగా తగ్గకముందే వెళ్లి, పెరగడం మొదలవగానే వచ్చేయండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా వెనక్కి పోతుంది, పోటు కూడా అంతే జోరుగా వస్తుంది. నాచు పట్టిన రాళ్ల మీద జారుడు ఎక్కువ. పెద్దవాళ్లను ఒడ్డునే కూర్చోబెట్టడం మేలు.

విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి కూడా చూడాలంటే సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు సెలవు. లోపల ఇరుకు, గుమ్మాలు వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టమే.