రెండో పాసు ఎవరిది?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మాది విజయనగరం. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మనవడు పుట్టినప్పుడు బెంగళూరులో మా అబ్బాయి దగ్గరికి వచ్చాం. నాలుగేళ్లయింది. వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. కోడలు మంచిదే, ఉద్యోగం చేస్తుంది. బాబు పన్నెండున్నరకి స్కూలు నుంచి వస్తే, కోడలు వచ్చేదాకా నా దగ్గరే.

ఆయనకి ఈ ఊరు బాగా అలవాటైపోయింది. వారంలో మూడు నాలుగు సాయంత్రాలు కచేరీ అనో, నాటకం అనో, ఎవరో రచయిత మాట్లాడతారనో వెళ్తారు. నేను వద్దనను. పెళ్లికి ముందు నేను సంగీత కళాశాలలో రెండేళ్లు నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చాను. ఆయనకి సరిగమలు కూడా తెలియవు. ఒకరోజు వచ్చి, హరికాంభోజి ఎంత బాగా పాడిందో అన్నారు. కూనిరాగం తీయమంటే తీశారు. అది కాంభోజి అని నేనే చెప్పాను.

మొన్న రామనవమి కచేరీలకి ఎవరో రెండు పాసులిచ్చారు. వాకింగ్‌లో కలిసే స్నేహితుణ్ని తీసుకెళ్లారు. "నీకెలాగూ బాబుతో వీలవదుగా" అన్నారు. వస్తూ వస్తూ నాకోసం దొన్నెలో కోసంబరి ప్రసాదం తెచ్చారు. తలనొప్పి అని చెప్పి ముట్టుకోలేదు. మూడు వారాలుగా ముక్తసరిగా మాట్లాడుతున్నాను. ఎందుకో ఆయనకి తెలియదు. ఆయన్ని మానేయమని నేను అనను. నాకు కన్నడ రాదు, ఒక్కదాన్నే మెట్రో ఎక్కింది కూడా లేదు. ఈ వయసులో నాది అసూయా? బయటికి చెప్తే చులకనైపోతానేమో.
– ఒక నాన్నమ్మ

జవాబు: అసూయ కాదమ్మా. మన ఇళ్లలో దాన్ని ఉక్రోషం అంటారు. అసూయ ఉన్న మనిషికి అవతలివాళ్ల సరదా చెడితే గానీ నిద్రపట్టదు. మీరేమో 'వద్దనను', 'మానేయమని అనను' అని ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాశారు. ఆయన వెళ్లినందుకు మీకు ఒళ్లు మండలేదు. రెండో పాసు చేతిలో పెట్టుకుని, మీకు వీలవదని ఆయనే తేల్చేసినందుకు మండింది. "వస్తావా?" అని ఒక్క మాట అడిగి ఉంటే, "ఎలా వస్తానండీ, బాబున్నాడుగా" అనే అనేవారేమో. కానీ ఆ రాత్రి కోసంబరి తినేవారు.

కాంభోజి సంగతి చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. హరికాంభోజి 28వ మేళకర్త, అంటే తల్లి రాగం, కాంభోజి దానికి పుట్టిన బిడ్డ. తల్లినీ పిల్లనీ పోల్చుకోవడంలో కొత్తవాళ్లు పొరబడటం మామూలే. అయితే సభలో కూర్చుని రెండున్నర గంటలు విన్నాయన పొరబడ్డారు, ఇంట్లో ఆయన కూనిరాగం విన్న మీరు పట్టేశారు. సరిగమలు రాని మనిషి కూనిరాగంలోంచి రాగం పట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నారు! 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఊరి కాలేజీ మీది. అక్కడ అబ్బిన చెవి ఇన్నేళ్లు మూలన పడేసినా చెడలేదు. మరి ఆయన తెచ్చే కబుర్లతో ఎందుకు సరిపెట్టుకోవాలి?

ఇప్పుడు మీకు అంతగా నచ్చని మాట చెప్తాను. ఉత్తరంలో కోడలు రెండుసార్లు కనిపించింది. మీవారు అడుగడుగునా ఉన్నారు. మీ అబ్బాయి మాత్రం ఇంటి అడ్రసులో తప్ప ఎక్కడా లేడు. బాబు కోడలు వచ్చేదాకా మీ దగ్గర ఉంటాడు సరే, వాడి నాన్న ఎన్నింటికి వస్తాడు? వారంలో ఎన్ని రోజులు ఇంటి నుంచే పని చేస్తాడు? మీరు రాయలేదు. నిజానికి మీకది లెక్కలోకే రాలేదనుకుంటాను. బాబు పుట్టినప్పుడు ఎవరూ కూర్చుని మాట్లాడుకోకుండానే సాయంత్రాలన్నీ మీ పేర రాసేశారు. మీరూ సంతకం పెట్టేశారు. అందులో మీవారి వంతు ఎంతుందో, అబ్బాయి వంతూ, మీ వంతూ కాస్త అటూ ఇటూగా అంతే ఉన్నాయి.

ఆయన వైపు నుంచి కూడా ఒక మాట. రిటైరైన మగవాళ్లలో చాలామంది కొడుకు ఇంటికి వచ్చాక సోఫాకి అతుక్కుపోయి, టీవీతోనూ ఇంట్లోవాళ్లతోనూ పోట్లాడుతుంటారు. నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో సగం ఆ సోఫాల గురించే. మీవారు తెలియని ఊళ్లో తనకో సాయంత్రం కల్పించుకున్నారు. దొన్నె ఒలకకుండా ఆ కచేరీలు జరిగే చామరాజపేట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా తెచ్చిన మనిషి మిమ్మల్ని మర్చిపోయాడని నేననుకోను. ఆలోచన లేదు, అంతే. ఆలోచన లేకపోవడం నేరం కాదు గానీ చెప్పకపోతే తగ్గే జబ్బూ కాదు. మూడు వారాల మౌనం వల్ల ఆయనకి తెలిసిందల్లా మీకు తలనొప్పి ఎక్కువగా వస్తోందని.

కాబట్టి చెప్పండి. పెళ్లయిన నాటి నుంచి చిట్టా విప్పకండి, కోసంబరి దగ్గరా మొదలెట్టకండి. "ఏమండీ, ఆ రోజు రెండో పాసుకి నన్ను అడగాల్సింది. వీలవుతుందో లేదో నేను చెప్పేదాన్ని. నన్నడక్కుండా మీరే కాదనుకున్నారు, అది నాకు కష్టమనిపించింది." ఇంతే. ఆయన "నీకు ఇష్టమని నాకేం తెలుసు" అంటారు. కాంభోజి రోజు గుర్తు చేయండి. ఆపైన ఆయన సమాధానం కోసం కాచుకోకండి. కొంతమంది మగవాళ్లు క్షమించమని నోటితో అనరు, మర్నాడు కాఫీ కలిపి తెస్తారు. తెస్తే తాగండి.

రెండో మాట అబ్బాయితో, కోడలితో, భోజనాల దగ్గర, మీవారు కూడా ఉండగా. అక్కడ అడగకండి, చెప్పండి. "గురువారం సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర దాకా నేను ఇంట్లో ఉండను." గురువారమే కానక్కర్లేదు, కానీ ఫలానా వారమని పేరు పెట్టండి. 'ఎప్పుడైనా వీలు చూసుకుని' అన్నారంటే, ఆ వీలు బాబు పదో తరగతిలోకి వచ్చాక దొరుకుతుంది. ఆ సాయంత్రం బాబుని తాతయ్య చూస్తారో, నాన్న త్వరగా వస్తాడో వాళ్లు తేల్చుకోవాలి. మీకు నేను పెట్టే షరతు ఒకటే: కూర చేసి, పెరుగన్నం కలిపి, బాబు నైట్‌డ్రస్ మంచం మీద పరిచి బయల్దేరకూడదు. అలా వెళ్తే ఒక సాయంత్రం కోసం రెండు సాయంత్రాల పని చేసినట్టు. వాళ్లు దోసెలు తెప్పించుకుంటే తెప్పించుకోనివ్వండి.

కన్నడ రాదన్నారు. సంగీతం పాఠాల్లో సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు అయ్యాక మలహరి రాగంలో పిల్లారి గీతాలు చెప్పించారు కదా? అవి పురందరదాసువి. అంటే మీరు జీవితంలో నేర్చుకున్న మొదటి పాటలు కన్నడ దేశం నుంచి వచ్చినవి. ఇక్కడి వేదికల మీద పెద్ద కీర్తన చాలాసార్లు త్యాగరాజుదే, అంటే తెలుగే. చుట్టూ ఉన్నవాళ్లు అర్థం తెలియకుండా తలలూపుతుంటే, అనుపల్లవిలో ఆయన రాముణ్ని ఎలా నిలదీస్తున్నాడో మీకు తెలిసిపోతుంది. పక్క సీటు కన్నడావిడ అడిగితే చెప్పండి. బదులుగా ఆవిడ దాసర పదాల, అంటే కన్నడ దాసుల పాటల, అర్థం చెప్తుంది. బెంగళూరు సభల్లో స్నేహాలు ఇలాగే మొదలవుతాయి. అన్నట్టు కోసంబరి అంటే వేరేమీ కాదు, మన వడపప్పే. కొబ్బరి, నిమ్మరసం, ఇంగువ తాలింపు పడ్డాయి, అంతే తేడా.

మొదటే రాత్రి కచేరీకి వెళ్లకండి. ఒక్కదాన్నే మెట్రో ఎక్కలేదన్నారుగా, ముందు ఆ భయం పగటిపూట తీరాలి. శనివారం పొద్దున అబ్బాయి, కోడలు ఇంట్లోనే ఉంటారు. వైట్‌ఫీల్డ్‌లో పర్పుల్ లైన్ ఎక్కితే ఎక్కడా మారకుండా కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు. ఆ పార్కులో 2023 నుంచి శనివారాలు 'కబ్బన్ రీడ్స్' అని జనం చెట్ల కింద చాపలు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటారు. టికెట్ లేదు, ఉపన్యాసం లేదు, ఎవరూ ఎవర్నీ పలకరించరు. తెలుగు పుస్తకం ఒకటి, మంచినీళ్ల సీసా పట్టుకెళ్లండి. చాప ఇంట్లోదే తీసుకెళ్లండి. మొదటిరోజు ఒక్క పేజీ కూడా సాగకపోవచ్చు. పర్లేదు, వెళ్లి రావడమే ఆ రోజు పని.

అదే లైన్‌లో ఇందిరానగర్‌లో దిగి ఆటో ఎక్కితే దొమ్మలూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్. రచయితలతో ముఖాముఖీలు, పాట కచేరీలు జరుగుతుంటాయి, చాలావాటికి డబ్బు కట్టక్కర్లేదు. మాటలు ఎక్కువగా ఇంగ్లీషులోనే. అది మీకు విసుగైతే నేరుగా బసవనగుడి వైపు వెళ్లండి. మెజెస్టిక్‌లో దిగి గ్రీన్ లైన్‌కి మారాలి. ఒకసారి చేస్తే అలవాటైపోతుంది, కాకపోతే రద్దీకి గుండె దిటవు చేసుకోవాలి. అక్కడ 1905 నాటి గాయన సమాజ అనే సంగీత సభ ఉంది. 1945లో పుట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ కల్చర్ ఉంది. రెండోదాంట్లో ఉపన్యాసాలకి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వారి కృష్ణదేవరాయ కళామందిరం ఉంది, మన భాష వినాలనిపించిన రోజు అక్కడికి. వయొలిన్ ఆకారంలో కట్టిన చౌడయ్య హాలు కూడా అటువైపే. ఇక మీవారు వెళ్లిన రామనవమి పందిరి, 1939 నుంచి నడుస్తున్న శ్రీరామసేవా మండలిది, ఏటా నెల రోజుల పైమాటే. వచ్చే ఏడు పాసులెవరో ఇస్తారని చూడకండి, టికెట్ మీరే కొనుక్కోండి.

రాత్రి ఆలస్యమవుతుందని భయముంటే గుమ్మానికి దగ్గరగా, నడవ పక్క సీటులో కూర్చోండి. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలవగానే కాఫీకి లేచే అలవాటు మన శ్రోతలకి ఎలాగూ ఉంది. మృదంగం వాయించే ఆయన ముఖం చూస్తూ లేవడం నాకైతే నచ్చదు. మీరు తని విని, చప్పట్లు కొట్టి, చివర్లో పాడే చిన్న పాటలు, తుక్కడాలు, వదిలేసి బయల్దేరండి. ఎనిమిదిన్నరకి స్టేషన్‌లో ఉంటే తర్వాతి రైలు గురించి బెంగ అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. మీ అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు ఉగాదో సంక్రాంతో చేస్తుంటారు. మీరు బయట తిరగడం మొదలుపెట్టారని తెలియగానే కమిటీ మీ తలుపు తడుతుంది. వెళ్లండి, మంచిదే. కానీ వందమందికి పులిహోర మీకు అప్పజెప్తే ఒప్పుకోకండి. "ప్రార్థన గీతం నేను పాడతాను, పులిహోర ఇంకెవరికైనా ఇవ్వండి" అనండి. అలాంటి చోట్ల వంటింట్లోకి వెళ్లిన నాన్నమ్మలు మళ్లీ హాల్లోకి రావడం నేనైతే చూడలేదు.

ఇంకోటి. నాలుగేళ్లయినా మీరు 'మా అబ్బాయి దగ్గరికి వచ్చాం' అనే రాశారు. ఆయనకి ఊరు అలవాటైందన్నారు, మీరు మాత్రం ఇంకా చుట్టపుచూపుగానే ఉన్నారు. ఆధార్‌లో విజయనగరం చిరునామాయే ఉందా? కర్ణాటక చిరునామా ఉన్న ఆడవాళ్లకి 2023 జూన్ నుంచి ఇక్కడి మామూలు సిటీ బస్సుల్లో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. బస్సు డబ్బులు మిగలడం అటుంచి, ఆ మార్పు చేయించుకోండి. మెట్రో కార్డు కూడా వేరే తీసుకోండి, ఆయనది అరువడగకండి.

ఆయనతో కలిసి వెళ్లడం తర్వాత. అందుకు ఆదివారం మంచిది. జె.పి.నగర్ రంగశంకర నాటకశాలలో ఆదివారాలు తరచు మధ్యాహ్నం ఆట కూడా ఉంటుంది. నాటకం మొదలయ్యాక లోపలికి రానివ్వరు. మీ ఇంట్లో బయల్దేరేటప్పుడు చెప్పులు వెతుక్కునేది ఎవరో మీకు తెలిసే ఉంటుంది, ముందే హెచ్చరించండి. కానీ కనీసం నాలుగైదు వారాలు మీరు ఒక్కరే వెళ్లి వచ్చాకే ఇది. లేకపోతే మీ గురువారం ఆయన వీలు మీద ఆధారపడిపోతుంది.

మొదటి గురువారం బాబు ఏడుస్తాడు. ఏడున్నరకి, మీరు రాగం మంచి పట్టులో వింటుండగా, ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. మొదటిసారి ఎత్తకండి. రెండోసారి కూడా చేస్తే బయటికి వెళ్లి ఎత్తి, బిస్కెట్ల డబ్బా పైనుంచి రెండో అరలో ఉందని చెప్పి పెట్టేయండి.