నాన్న రివాల్వర్ బీరువాలోనే ఉంది, అమ్ముకోవచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా నాన్న శనక్కాయల వ్యాపారం చేసేవారు. రొక్కంతో తిరగాల్సిన పని కాబట్టి ముప్పై ఏళ్ల కిందటే లైసెన్సు తీసుకుని రివాల్వర్ కొన్నారు. ఇంగ్లండులో తయారైన వెబ్లీ కంపెనీది, గొట్టం సైజు పాయింట్ 32. ఏడు నెలల కిందట నాన్న గుండెపోటుతో పోయారు. వీలునామా రాయలేదు. అమ్మకు 64 ఏళ్లు. నేను, బెంగళూరులో ఉద్యోగం చేసే తమ్ముడు, ఇద్దరమే పిల్లలం. రివాల్వర్, పన్నెండు తూటాలు, లైసెన్సు పుస్తకం ఇప్పటికీ అమ్మ బీరువాలోనే ఉన్నాయి. అది మగపిల్లాడికే చెందుతుందని పెద్దవాళ్లు అంటున్నారు. తెలిసినాయన ఒకరు రెండున్నర లక్షలు నగదు ఇస్తానని, కాగితాలు తర్వాత చూసుకుందామని అంటున్నారు. ఆ డబ్బు అమ్మ పేరిట వేయాలని నా ఆశ. అమ్మవచ్చా? పన్ను పడుతుందా?

జవాబు: అమ్మా, రెండున్నర లక్షల మాట తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ బీరువా సంగతి చూడాలి. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు దాని మీదే టెన్షన్‌గా ఉంది.

లైసెన్సు మీ నాన్నగారి ఒక్కరి పేరు మీదే ఉంది. ఆయన పోయిన రోజే ఆ అనుమతి కూడా పోయింది. ఇప్పుడు బీరువా తాళం ఎవరి కొంగున ఉందో, చట్టం దృష్టిలో ఆయుధం వాళ్ల దగ్గర ఉన్నట్టే. అంటే మీ అమ్మగారి దగ్గర. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, లైసెన్సు లేకుండా రివాల్వర్ ఉంచుకుంటే కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు జైలు, దానితో పాటు జరిమానా. తూటాలకూ లైసెన్సు ఉండాల్సిందే. లైసెన్సుదారు చనిపోతే అనవసరంగా ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ అప్పగించాలని అదే చట్టం చెబుతోంది. మీకు ఏడు నెలలు గడిచిపోయాయి. ఇంకో వారం గడవనివ్వకండి.

ఇది చదివి భయపడి దాన్ని ఏ బావిలోనో పారేయాలని, ఎవరికో ఇచ్చేయాలని మాత్రం అనుకోవద్దు. పుస్తకంలో నంబరు ఉంది, రికార్డులో ఆ ఆయుధం ఉంది, అది ఎక్కడుందని ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాయండి: నాన్న ఫలానా తేదీన పోయారు, ఆ దుఃఖంలో మాకు తెలియక ఆలస్యమైంది, ఇప్పుడు స్వచ్ఛందంగా అప్పగిస్తున్నాం. లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్న కేసు కోర్టుకు వెళ్లాలంటే ముందుగా జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ అనుమతి ఉండాలి. అందుకే మీ అంతట మీరే వెళ్లి రాసిచ్చిన ఆ కాగితానికి విలువ ఉంది. ధైర్యం చాలకపోతే ఒక లాయరును వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ ఫీజు దండగ కాదు.

స్టేషన్‌కు ముందే ఫోన్ చేసి విషయం చెప్పండి. ఎలా తేవాలో, వాళ్లే వచ్చి తీసుకుంటారో వాళ్లు చెప్పినట్టే చేయండి. సంచిలో వేసుకుని బస్సెక్కొద్దు. తూటాలు విడిగా ఉన్నాయో లేదో చూద్దామని గుండ్రటి అరలు తిప్పవద్దు, ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వద్దు. లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం తీసుకెళ్లండి. రసీదు ఇచ్చేటప్పుడు తొందరపడకుండా చదవండి. 'ఒక రివాల్వర్ ముట్టింది' అని రాస్తే సరిపోదు. కంపెనీ పేరు, పాయింట్ 32 అన్న మాట, ఇనుము మీద చెక్కిన నంబరు, తూటాలు పన్నెండు అన్న లెక్క, తేదీ, ముద్ర అన్నీ ఉండాలి. ఇనుము మీది నంబరు, పుస్తకంలోని నంబరు అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. నాలుగో అంకె ఒకటో ఏడో తెలియకుండా అరిగిపోయి ఉంటే ఆ మాట కూడా రసీదులో రాయించండి. అమ్మను ఒకసారి అడిగి చూడండి, ఎన్నికలొచ్చినప్పుడల్లా నాన్నగారు దాన్ని స్టేషన్‌లో పెట్టి రసీదు తెచ్చుకుని ఉంటారు. మన సీమలో లైసెన్సుదారులకు అది అలవాటైన పనే. ఆ పాత రసీదులు దొరికితే, ఇన్నేళ్లూ పద్ధతిగా నడుచుకున్నారని చూపడానికి పనికొస్తాయి.

ఇక చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అప్పగిస్తే పోయినట్టే అనుకుంటారు. కాదు. అలా అప్పగించిన ఆయుధాన్ని, దాన్ని ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకు అమ్మించి ఆ డబ్బు తీసుకునే హక్కు వారసులకు ఉంది. అందుకు మీ పేరిట లైసెన్సు అక్కర్లేదు. కాకపోతే నిబంధనల్లో ఉన్న గడువు దాటిపోతే కలెక్టర్ నోటీసు ఇచ్చి ప్రభుత్వపరం చేయవచ్చు. కాబట్టి స్టేషన్‌లో పెట్టి మరచిపోవద్దు, గడువు ఎప్పటిదాకా ఉందో రసీదు తీసుకునే రోజే అడిగి రాసుకోండి.

అమ్మడానికి సులువైన దారి డీలర్. ఇద్దరు డీలర్ల దగ్గర ధర కాగితం మీద రాయించుకోండి. విడిగా ఒక మనిషికే అమ్మాలంటే, ఆయనకు ఆ రకం ఆయుధం కొనే అనుమతి ఉన్న లైసెన్సు ఉండాలి. ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు కాబట్టి ఆయనకు ఇప్పటికే రెండుంటే కుదరదు. ఎవరికి అమ్మబోతున్నారో పేరు, చిరునామాతో కలెక్టర్‌కు గానీ స్టేషన్‌కు గానీ రాసివ్వాలి. అలా ఇచ్చాక 45 రోజులు పూర్తయితే తప్ప ఆయుధం చేతులు మారకూడదు. అన్నట్టు, పుస్తకంలో పాయింట్ 32 అనే ఉందని మీరే కళ్లతో చూసి నిర్ధారించుకోండి. అదే పాయింట్ 38 అయినా, 9 ఎంఎం అయినా నిషిద్ధ బోర్ (మామూలు లైసెన్సుకు కుదరని గొట్టం సైజు) కిందికి వస్తుంది, దాని దారి వేరు, కొనగలిగేవాళ్లు బహు తక్కువ.

మీ తెలిసినాయన బేరం మాత్రం వద్దే వద్దు. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నడుమ నుంచి మామూలు మనుషులకు మూసుకుపోయింది, అందుకే పాత వెబ్లీకి అంత గిరాకీ. ఆయనకు ఆ సంగతి తెలుసు. 'కాగితాలు తర్వాత' అనే మాటలో ఉన్న ప్రమాదం అంతా మీదే. కొన్నేళ్ల కిందట కర్నూలు వైపు నుంచి ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది. వాళ్లూ ఇలాగే నమ్మి ఇచ్చేశారు. ఆ మనిషి కాగితాలు చేయించుకోలేదు, ఊరు వదిలి వెళ్లిపోయాడు. తర్వాత నోటీసు వచ్చింది వీళ్ల ఇంటికే. వచ్చిన డబ్బుకు రెండింతలు లాయర్లకు పెట్టారు. ఆ ఇంటి పెద్దావిడ నా ఎదురుగా కూర్చుని నోటీసు కాగితం మడతలు విప్పుతూ మళ్లీ మడుస్తూ ఉన్నది ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. మీ అమ్మగారికి ఆ పరిస్థితి రావద్దు. పైగా రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ ఆదాయపు పన్ను శాఖ జరిమానాగా వేయవచ్చు. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి.

తమ్ముడి విషయం. లైసెన్సు ఆస్తి కాదు, అది కొడుకుకో కూతురుకో దానంతట అదే రాదు. వారసులు తమ పేరిట కొత్తగా అడగవచ్చని 2016 ఆయుధాల నిబంధనల్లో ఉంది. 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ ఉంటుంది, ఆయుధ భద్రత శిక్షణ కావాలి. ఆయన బెంగళూరులో ఉంటున్నారు కాబట్టి అక్కడి పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు చేయాలి. లైసెన్సు వస్తే అయిదేళ్లకోసారి రెన్యువల్, ఊరెళ్లినప్పుడల్లా దాని కాపలా. చిన్న పిల్లలున్న అపార్ట్‌మెంటులో దాన్ని పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. (ఇది చదువుతున్న వేరే పెద్దమనుషులకు ఒక మాట: లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం కొని 25 ఏళ్లయినా, బతికుండగానే వారసుడికి లైసెన్సు ఇవ్వమని అడగవచ్చు. ఆ పని ముందే చేసి ఉంటే ఈ ఇంట్లో ఇంత ఇబ్బంది ఉండేది కాదు.)

అమ్మిన డబ్బు మటుకు అందరిదీ. వీలునామా లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, మీరు, తమ్ముడు ముగ్గురికీ సమాన వాటా. 'మగపిల్లాడికే' అనే మాటకు చట్టంలో చోటు లేదు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, ముగ్గురూ సంతకం చేసిన అంగీకార పత్రం రాసి పెట్టుకోండి. డీలరైనా అధికారులైనా అడిగేది అదే.

వారసత్వంగా వచ్చినదానికి పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది. సొంత వాడకానికి ఉంచుకున్న వస్తువు అమ్మితే మామూలుగా మూలధన లాభం లెక్కలోకి రాదు. అయినా రసీదులన్నీ మీ ఆడిటర్‌కు చూపించండి.

మీరిద్దరూ వాటా అమ్మకే వదిలేస్తే, ఆ డబ్బు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో వేయండి. 60 దాటినవాళ్లకు ఇప్పుడు 8.2 శాతం వడ్డీ, గడువు అయిదేళ్లు. ఖర్చులు పోను రెండు లక్షలు మిగిలితే మూడు నెలలకోసారి 4,100 రూపాయలు అమ్మ ఖాతాలో పడతాయి. నామినీ పేరు ఆ రోజే రాయించండి.

తమ్ముడికి నాన్న గుర్తు కావాలంటే, ఆ రివాల్వర్ పెట్టుకునే తోలు ఒర ఉండే ఉంటుంది. దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. అది విడిగా ఉంటే ఇంట్లోనే ఉంచుకోండి, రివాల్వర్ అందులోనే ఉంటే మాత్రం మీరు తీయకుండా స్టేషన్‌లో వాళ్లు తీశాక అడిగి తెచ్చుకోండి.