ఆ రోజు మరియా థెరీసా చేతిలో బిడ్డ లేడు

"పాత రోజుల్లో యూరప్‌లో ఆడవాళ్ళు సింహాసనం ఎక్కితే అక్కడి పెద్దమనుషులు నిజంగా ఒప్పుకునేవారా, లేక జాలిపడి ఊరుకునేవారా? డిగ్రీ ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను" అని మీరు రాశారు. ఆ "జాలిపడి" అన్న మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. పశ్చిమ గోదావరిలో రైస్ మిల్లు నడుపుతున్నాను, ఇరవై ఏళ్ళు దాటింది. అయినా ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పగలను. జాలి కాదు, బేరం.

మా అమ్మాయి వియన్నాలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు చూడ్డానికి వెళ్ళాం. అక్కణ్ణుంచి రైల్లో గంట దూరం బ్రటిస్లావా, ఇప్పటి స్లొవేకియా రాజధాని. హంగరీ రాజుల కాలంలో దాని పేరు ప్రెస్‌బర్గ్. హంగరీ రాజధాని బుడా తురుష్కుల చేతికి పోవడంతో 1563 నుంచి హంగరీ రాజులకు ఎక్కువగా ఈ ఊళ్ళోనే పట్టాభిషేకాలు చేసేవారు. సెయింట్ మార్టిన్ చర్చి శిఖరం మీద శిలువకు బదులు బంగారు పూత పూసిన కిరీటం ఉంటుంది. ఆ పాత ఊరేగింపు దారిలో రాళ్ళ మధ్య చిన్న చిన్న ఇత్తడి కిరీటాలు పొదిగారు. మా అమ్మాయి వాటిని చూసుకుంటూ ముందు నడుస్తుంటే నేను వెనకాల నడిచాను. లోపల గోడ మీద అక్కడ కిరీటం పెట్టించుకున్నవాళ్ళ పేర్లున్నాయి. రాజుల భార్యలుగా కిరీటం పెట్టించుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, రాజ్యం తనదిగా పెట్టించుకున్న ఆడమనిషి ఒక్కరే, ఆస్ట్రియా, హంగరీలను ఏలిన మరియా థెరీసా.

అక్కడి గైడు ఈ కథ చెప్పాడు. శత్రువులు చుట్టుముట్టినప్పుడు ఆమె పసిబిడ్డను చంకనేసుకుని హంగరీ ప్రభువుల సభకు వచ్చిందట, ఏడ్చిందట, వాళ్ళ గుండెలు కరిగి కత్తులు దూసి "మా ప్రాణం, మా రక్తం నీకే" అన్నారట. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం కాళ్ళు కదల్లేదు. ఎందుకంటే ఆ కథ నాదే. మా ఊళ్ళో నా గురించి కూడా అచ్చం ఇలాగే చెప్పుకుంటారు.

2003 డిసెంబరులో, సార్వా (ఖరీఫ్) ధాన్యం మిల్లుకు తోలుతున్న రోజుల్లో మా నాన్న పోయారు. దినం అయిన మూడో రోజు నలభై మందికి పైగా రైతులు మిల్లుకు వచ్చారు. ధాన్యం తోలారు, డబ్బు అందలేదు. వాళ్ళ తప్పేమీ లేదు. ఎండబెట్టే ఫ్లోరు మీద ఖాళీ గోనెలు పరుచుకుని కూర్చున్నారు. తౌడు వాసన, పైన పావురాళ్ళ చప్పుడు. మిల్లు ఆపేశాం కాబట్టి ఎవరు గొంతు సవరించుకున్నా వినబడుతోంది. ఒక పెద్దాయన, "అమ్మాయ్, మీ ఆయన్ని పిలు, మాట్లాడుకుందాం" అన్నారు. "మిల్లు లెక్కలు నా దగ్గరున్నాయి బాబాయి గారూ, నాతోనే మాట్లాడండి" అన్నాను. నాలుగు గంటలు పట్టింది. సగం బకాయి సంక్రాంతికి, మిగతాది ఉగాదికి. దానికి బదులు వాళ్ళు దాళ్వా (రబీ) ధాన్యం కూడా నాకే తోలాలి. నేను తరుగు (తూకంలో కోత) తియ్యకూడదు, గోనెలు నేనే ఇవ్వాలి. నాన్న డెబ్బై ఐదు కిలోల బస్తాకు రెండు కిలోలు తరుగు తీసేవారు. అది వదులుకోవడం అంటే చిన్న విషయం కాదు, ఆ ఏడాది లాభమంతా అందులోనే పోయింది. నాన్న పేరు ఎత్తినప్పుడు నాకు కన్నీళ్ళు వచ్చాయి, దాచను. కానీ ఆ బేరం కన్నీళ్ళతో కుదరలేదు, తరుగుతో కుదిరింది.

నెల తిరక్కుండానే ఊళ్ళో కథ వేరే అయిపోయింది. "పాపం, చంటివాణ్ణి ఎత్తుకొచ్చి బావురుమంది, రైతులు జాలిపడి వదిలేశారు." మా చిన్నవాడికి అప్పుడు తొమ్మిది నెలలు. ఆ రోజంతా తణుకులో మా అత్తగారి దగ్గరున్నాడు.

అందుకే వియన్నాకు తిరిగొచ్చాక ఆ రాత్రే అమ్మాయి చేత వెతికించి చదివించుకున్నాను. ఇప్పటికీ దొరికినవల్లా చదువుతూనే ఉన్నాను. అసలు సంగతి ఇది. 1740 అక్టోబరు 20న తండ్రి ఆరో చార్లెస్ పోయేనాటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు, కడుపుతో ఉంది. మగబిడ్డలు లేకపోతే ఆడబిడ్డకైనా రాజ్యం చెందాలని ఆయన 1713లోనే శాసనం చేసి, తర్వాత ఏళ్ళ తరబడి యూరప్ రాజుల్లో చాలామంది చేత ఒప్పించుకున్నాడు. ఉత్తర జర్మనీలోని ప్రష్యా రాజ్యం కూడా ఒప్పుకున్నదే. అయినా రెండు నెలలు నిండకుండానే ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఆమె రాజ్యంలోని సైలీషియా ప్రాంతంలోకి సైన్యాన్ని దింపాడు. డబ్బు లేదు, అప్పు పుట్టే పరపతి లేదు, సైన్యం లేదు, అనుభవం లేదు, సలహా చెప్పే దిక్కూ లేదు అని ఆ రోజుల గురించి ఆమె తర్వాత రాసుకుంది. ఆ వాక్యం చదివినప్పుడు మా నాన్న బీరువా తెరిచిన రోజు గుర్తొచ్చింది.

1741 మార్చి 13న కొడుకు జోసెఫ్ పుట్టాడు. జూన్ 25న పట్టాభిషేకం. హంగరీ ఆచారం ప్రకారం కొత్త రాజు కిరీటం పెట్టుకుని, గుర్రం మీద ఒక మట్టిదిబ్బ ఎక్కి, నాలుగు దిక్కులకూ కత్తి ఝళిపించి రాజ్యాన్ని కాపాడతానని చూపించాలి. ఆడమనిషి కదా అని ఆచారం సడలించలేదు, ఆమె సడలించమననూ లేదు. అందుకోసం గుర్రపుస్వారీ నేర్చుకుని, మూడు నెలల బాలింత, నెత్తిన కిరీటంతో ఆ దిబ్బ ఎక్కింది. ఇంత ఘట్టం ఉండగా లోకం గుర్తుపెట్టుకున్నది మాత్రం చంకలో బిడ్డను. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఆమెకు పెట్టింది రాణి కిరీటం కాదు, రాజు కిరీటం. సభలో వాళ్ళు లాటిన్‌లో "మా రాజు మరియా థెరీసా" అనే అరిచారు. ఇందులో మనకు కొత్తేముంది, గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అయింది కదా. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్‌కూ ఇదే తంటా. తండ్రి చర్చికి "అధిపతి" అనిపించుకుంటే, ఆడదాన్ని ఆ మాట అనడానికి మనసొప్పని వాళ్ళ కోసం 1559లో ఆమెకు "పాలకురాలు" అన్న మాట వాడారు. అధికారం అదే, మాటే మారింది.

ఇక సభ. అదే 1741 సెప్టెంబరు 11న ప్రెస్‌బర్గ్ కోటలో ఆమె లాటిన్‌లో మాట్లాడింది. పిల్లల ప్రస్తావన వచ్చినప్పుడు కళ్ళు చెమర్చాయంటారు. పెద్దలు ప్రాణమిస్తామన్నారు, సైన్యం ఇస్తామన్నారు. వచ్చిన సైన్యం ఇస్తామన్న దానికన్నా తక్కువే. మరి వాళ్ళకేం దక్కింది? ప్రభువుల భూములకు పన్ను లేదని ఆ ఏడాది చట్టంలోనే రాయించుకున్నారు. హంగరీ పదవులు హంగరీ వాళ్ళకే అన్నారు. అది వాళ్ళ తరుగు. భర్త ఫ్రాన్సిస్‌ను సహపాలకుడిగా ఒప్పుకోమని ఆమె అడిగితే దాని మీదా వాదించి వాదించి చివరికి సరేనన్నారు.

భర్త పేరు చెప్పగానే తలూపేయలేదు, ఇక్కడ నాకు వాళ్ళంటే గౌరవమే. 2004లో నేను మిల్లు ఖాతా నా పేరుకు మార్చమని వెళితే బ్యాంకులో "సార్ సంతకం కూడా కావాలి" అన్నారు. మా ఆయన బళ్ళో లెక్కల మాస్టారు, మిల్లులో ఆయనకు చిల్లిగవ్వ వాటా లేదు. నాలుగుసార్లు తిప్పారు. ఇప్పటికీ కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లు బిల్లు పట్టుకుని ఆఫీసు గదిలోకి తొంగిచూసి "ఓనర్ గారు లేరా అమ్మా" అంటారు.

ఇక బిడ్డ జోసెఫ్ ప్రెస్‌బర్గ్‌కు వచ్చిందే సెప్టెంబరు 20న. మర్నాడు ఫ్రాన్సిస్ సహపాలకుడిగా ప్రమాణం చేసినప్పుడు బిడ్డను సభ్యులకు చూపించారు. అప్పటికి మాట ఇవ్వడం అయిపోయి పది రోజులైంది. ఆ రెండు రోజులనూ ఒక్కటి చేసి కథ అల్లారు. ఫ్రెంచి రచయిత వోల్టేర్ అంతటివాడు బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి రాశాక ఇంక ఎవరు ఆపగలరు?

ఆమెను నేను దేవతను చెయ్యడం లేదు. 1744 డిసెంబరులో ప్రాగ్ నగరం నుంచి యూదులందర్నీ వెళ్ళగొట్టమని ఆజ్ఞ ఇచ్చిన మనిషి. అది క్షమించరానిది. చెయ్యనిదాన్ని ఆమెకు అంటగట్టకండి, చేసినదాన్ని తీసెయ్యకండి, అంతే నేనడిగేది.

అందరూ ఒప్పుకున్నారా అని అడిగితే, లేదు. పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి పదవికి ఆడవాళ్ళు పనికిరారన్నది అప్పటి నియమం. 1742లో దాన్ని బవేరియా పాలకుడు తీసుకున్నాడు, 1745లో ఆమె భర్తకు వచ్చింది. చక్రవర్తి భార్యగా కిరీటం పెడతామంటే ఆమె వద్దంది. సైలీషియాలో చాలా భాగం మళ్ళీ చేతికి రాలేదు. కానీ 1780లో పోయేదాకా ఏలింది ఆమే.

మీ ప్రాజెక్టులో బిడ్డ కథ రాయాలనుకుంటే రాయండి. సెప్టెంబరు 11, సెప్టెంబరు 21, రెండు తేదీలూ పక్కపక్కన వెయ్యండి. ఆ కింద పన్నుల సంగతి వదలకుండా రాయండి.