సీపీయూ ఖాళీగానే ఉంది, బిల్లు మాత్రం రావట్లేదు

ప్రశ్న: మేడమ్ గారూ, మందుల హోల్‌సేల్ షాపులో కంప్యూటర్ పనులన్నీ నేనే చూస్తాను. మా బిల్లింగ్ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15, అమెజాన్ అద్దెకిచ్చే డేటాబేస్ సర్వీసు ఆర్‌డీఎస్‌లో ఉంది. డిస్క్ 100 జీబీ, జీపీ2 రకం. పొద్దున తొమ్మిదిన్నరకు ఆర్డర్లు మొదలవుతాయి. పది దాటిన కాసేపటికి ఒక్కో బిల్లుకు ఇరవై సెకన్లు పడుతోంది. అట్టపెట్టెల కోసం వచ్చిన ఆటోవాళ్లు బయట నిలబడిపోతున్నారు. మర్నాడు పొద్దున మళ్లీ బాగానే ఉంటుంది. సీపీయూ 20 శాతం కూడా దాటదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు పెద్ద మెషీన్‌కు మారమంటున్నారు. మా ఓనర్ గారేమో ముందు మానిటరింగ్ పెట్టి చూడమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఓనర్ గారు సరిగ్గా అడిగారు. మెషీన్ మార్చడం ఓ వారం ఆపండి. మీరు రాసిన టైములు చూడగానే నాకు డిస్క్ మీద అనుమానం వచ్చింది.

జీపీ2 డిస్క్‌కు జీబీకి 3 చొప్పున లెక్క. మీ 100 జీబీకి సెకనుకు 300 రీడ్‌లు, రైట్‌లు ఎప్పుడూ దొరుకుతాయి. రద్దీ ఉంటే 3,000 దాకా వెళ్లనిస్తుంది, కానీ ఆ పైదంతా క్రెడిట్ల (డిస్క్‌ను తక్కువగా వాడినప్పుడు పోగయ్యే కోటా) ఖాతాలోంచి ఖర్చు. ఖాతా నిండుగా ఉంటే 54 లక్షల క్రెడిట్లు. పూర్తి వేగంతో లాగితే సెకనుకు 2,700 తరుగుతాయి, అంటే 2,000 సెకన్లలో, సుమారు 33 నిమిషాల్లో ఖాళీ. ఆపైన 300తోనే సర్దుకోవాలి. అప్పుడు సీపీయూకి చేయడానికి పని ఉండదు, డిస్క్ నుంచి డేటా ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉంటుంది. రాత్రి వాడకం లేకపోతే ఐదు గంటల్లో ఖాతా మళ్లీ నిండుతుంది. మీకు పొద్దున బాగుండేది అందుకే అయ్యుండాలి.

ఇది తేల్చుకోవడానికి కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. ఆర్‌డీఎస్ కన్సోల్‌లో మానిటరింగ్ ట్యాబ్ తెరిచి బర్స్ట్ బ్యాలెన్స్ గ్రాఫ్ చూడండి, క్రెడిట్ల ఖాతాలో ఎంత శాతం మిగిలిందో అది చూపిస్తుంది. అమెజాన్ మానిటరింగ్ సర్వీసు క్లౌడ్‌వాచ్ దాన్ని మీరు అడగకుండానే రాసిపెడుతోంది. నిన్నటి 9 నుంచి 11 వరకు పెట్టండి. గీత 100 దగ్గర బయలుదేరి, మెట్లు దిగినట్టు దిగి, పదింటి తర్వాత సున్నాకు అతుక్కుపోయి ఉంటే జబ్బు దొరికినట్టే. కిందికి దిగకపోతే నా అంచనా తప్పు. అప్పుడు స్లో అయిన సమయంలోనే పీజీ స్టాట్ యాక్టివిటీలో (ఏ సెషన్ ఏం చేస్తోందో చూపే పట్టిక) పని మొదలుపెట్టి ముగించకుండా ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ అని కూర్చున్న సెషన్లు ఉన్నాయేమో, ఎవరు డేటాకు వేసిన తాళం (లాక్) కోసం ఎవరు ఆగారో చూడాలి.

డిస్కే అని తేలినా అక్కడితో ఆగకండి. ఇన్ని రీడ్‌లు ఏ క్వెరీ (సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) చేస్తోందన్నది అసలు సంగతి. దానికి ఒక్కో క్వెరీ ఎంత పని చేసిందో లెక్క రాసే పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఉంది. మీ వెర్షన్‌లో లైబ్రరీ ముందే లోడ్ అయి ఉంటుంది, మీ డేటాబేస్‌లో క్రియేట్ ఎక్స్‌టెన్షన్ ఒక్కసారి నడిపితే చాలు. రాత్రి అంకెలన్నీ రీసెట్ చేయండి. మర్నాడు పదకొండింటికి, మెమరీలో దొరక్క బయటి నుంచి ఎక్కువ బ్లాకులు తెచ్చుకున్న పది క్వెరీలు తీయండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో నాకు తరచూ దొరికేది ఒకటే: షాపు నంబర్‌తో పాత బాకీ వెతికే క్వెరీ, ఆ కాలమ్ మీద ఇండెక్స్ (టేబుల్ అంతా చదవకుండా వెతకనిచ్చే సూచిక) లేకపోవడం. ఫారిన్ కీ (ఒక టేబుల్‌ను ఇంకో టేబుల్‌కు కట్టే కాలమ్) పెడితే ఇండెక్స్ దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో రాదు, మనమే వేయాలి.

సెకను దాటిన క్వెరీలు లాగ్‌లో పడేలా లాగ్ మిన్ డ్యురేషన్ స్టేట్‌మెంట్ అనే సెట్టింగ్‌ను 1000 (మిల్లీసెకన్లు) పెట్టండి. ఈ సెట్టింగ్‌లు ఉండే డిఫాల్ట్ పారామీటర్ గ్రూప్‌ను ఆర్‌డీఎస్ మార్చనివ్వదు. సొంత గ్రూప్ తయారుచేసి తగిలించి, షాపు మూశాక ఒకసారి రీబూట్ చేయాలి.

అలారమ్‌ల విషయంలో మాత్రం బతిమాలుతున్నాను, తక్కువ పెట్టండి. నేను పనిచేసిన ఒక చోట రోజుకు నలభై అలారమ్ మెయిల్స్ వచ్చేవి. టెస్టింగ్ కోసం పెట్టి మరిచిపోయిన రెప్లికేషన్ స్లాట్ (ఇంకో కాపీకి మార్పులు పంపడానికి పెట్టేది) ఒకటి ఆ మార్పుల లాగ్ ఫైళ్లను పోనివ్వకుండా పట్టుకుంది, డిస్క్ నిండి డేటాబేస్ ఆగింది. ఖాళీ తగ్గుతోందన్న మెయిల్ రెండు రోజుల ముందే వచ్చింది. ఆ మెయిల్స్ గుంపులో దాన్ని ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు. మీకు మూడు చాలు: బర్స్ట్ బ్యాలెన్స్ 40 శాతం కంటే తగ్గితే, డిస్క్ ఖాళీ 15 జీబీ కంటే తగ్గితే, రీడ్ లేటెన్సీ (డిస్క్ నుంచి ఒక్క రీడ్‌కు పట్టే సమయం) మీ మామూలు రోజుకు మూడింతలై ఐదు నిమిషాలు ఉంటే. మామూలు రోజు ఎంతుంటుందో తెలియడానికి ముందు ఓ వారం అంకెలు రాసుకోండి. అలారమ్ మీ ఫోన్‌కూ, మీరు సెలవులో ఉంటే చూసే ఇంకొకరి ఫోన్‌కూ వెళ్లాలి.

ఇండెక్స్ వేశాక కూడా బ్యాలెన్స్ సున్నాకు వస్తుంటే డిస్క్‌ను జీపీ3కి మార్చండి. మీ సైజుకే సెకనుకు 3,000 నిలకడగా వస్తాయి, క్రెడిట్ల గొడవ ఉండదు. శనివారం రాత్రి మొదలుపెట్టండి, ఎందుకంటే ఒకసారి మార్చాక కనీసం ఆరు గంటల పాటు స్టోరేజ్‌ను మళ్లీ ముట్టుకోనివ్వదు. ఆ తర్వాత బర్స్ట్ బ్యాలెన్స్ అలారమ్ తీసేసి, దాని చోట డిస్క్ క్యూ డెప్త్ (డిస్క్ దగ్గర వరుసలో ఆగిన రీడ్‌లు, రైట్‌ల సంఖ్య) పెట్టుకోండి.