టెక్ సందేహాలు: పిస్టల్‌కి లైటు సరే, మంచం పక్కన టార్చ్ ఉందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. ఇంటి సేఫ్టీకని పిస్టల్ కొన్నా. రాత్రిపూట చప్పుడైతే చూడ్డానికి దానికి లైటు బిగిద్దామనుకుంటున్నా, 500 ల్యూమెన్స్ చాలా, 1000 కావాలా?

జవాబు: ల్యూమెన్స్ సంగతి తర్వాత చెప్తానండీ, ముందు 'చప్పుడైతే చూడ్డానికి' అన్నారే, అక్కడే ఆగిపోయాను. పిస్టల్‌కి బిగించిన లైటు ఎటు తిరిగితే గొట్టం కూడా అటే తిరుగుతుంది కదా, అంటే హాల్లో ఎవరున్నారో చూద్దామని వెలిగించారంటే అక్కడున్న మనిషికి గురిపెట్టేసినట్టే. మన ఇళ్ల సంగతి తెలిసిందేగా, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఆర్నెల్లుంటారు, జెట్‌లాగ్‌తో తెల్లారుజామున మూడింటికి లేచి కాఫీ పెట్టుకుంటారు, పిల్లలు నీళ్లకని కిందికి దిగుతారు, ఆ చప్పుడు వాళ్లదే అయితే?

అందుకని ముందు ఒక మంచి చేతి టార్చ్ కొనండి. హాల్లోనూ మెట్ల దగ్గరా స్మార్ట్ బల్బులు, ఒక కెమెరా పెట్టుకుంటే ఇంకా నయం, గదిలోంచి కదలకుండానే ఫోన్లో లైట్లు వేసి చూడొచ్చు. బయటివాడే అని తేలితే ఇంట్లోవాళ్లందర్నీ ఒక గదిలోకి చేర్చి, తలుపేసుకుని 911కి కాల్ చేయండి. తుపాకీ లైటు పని ఆ తర్వాతే, ఆ తలుపు కూడా తోసుకొచ్చినవాడు ఎవడో, చేతిలో ఏముందో ఖాయం చేసుకోడానికి.

ఇక స్విచ్. మీకు దగ్గర్లోనే ప్లేనోలో 2010లో ఒక పోలీసాయన తన పిస్టల్ లైటు వెలిగించబోయి ట్రిగ్గర్ నొక్కేశాడు, ఎదుటి మనిషి చనిపోయాడు. ఆ స్విచ్ ట్రిగ్గర్ గార్డ్ కింద, గ్రిప్ మీద ఉండే రకం. మీరు రెండో చేతి బొటనవేలితో నొక్కేది తీసుకోండి, ట్రిగ్గర్ వేలికి లైటుతో సంబంధమే ఉండకూడదు. తూటాలు వేరే గదిలో పెట్టి, ఛాంబర్ (పేలడానికి ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీయేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకుని, చేతికి అలవాటయ్యేదాకా ప్రాక్టీస్ చేయండి.

ల్యూమెన్స్ అంటే మొత్తం వెలుగు, క్యాండెలా అంటే అది ఎంత గట్టిగా ఒకచోట పడుతుందో. తుపాకీ లైట్లలో స్ట్రీమ్‌లైట్ టీఎల్ఆర్-1 హెచ్ఎల్, ష్యూర్‌ఫైర్ ఎక్స్300 అల్ట్రా రెండూ 1000 ల్యూమెన్సే, కానీ మొదటిది 20,000 క్యాండెలా, రెండోది 11,300. గదులకి ఏదైనా చాలు, నన్నడిగితే 500 ల్యూమెన్స్, 5,000 క్యాండెలా ఉన్న స్ట్రీమ్‌లైట్ టీఎల్ఆర్-7ఏ కూడా సరిపోద్ది, తెల్ల గోడలున్న ఇంట్లో మరీ ఎక్కువైతే వెలుగు తిరిగొచ్చి మన కళ్లకే కొడుతుంది.

ఒకటి చాలామంది మర్చిపోతారు, లైటు బిగించాక పిస్టల్ పాత హోల్‌స్టర్‌లో (పిస్టల్ పెట్టుకునే ఒరలో) దూరదు, చిన్న లాక్‌బాక్సుల్లోనూ పట్టదు. పట్టట్లేదని బయట పెట్టేయొద్దు, టెక్సస్‌లో నిర్లక్ష్యంగా వదిలేసిన లోడెడ్ తుపాకీ 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే అది నేరం, నేరం మాట పక్కన పెట్టినా పిల్లలున్న ఇల్లు కదండీ. పెద్ద బాక్స్ కొనండి.

ప్రశ్న: తుపాకీ లైట్లో ఛార్జింగ్ బ్యాటరీలు వేయొచ్చా? (అట్లాంటా నుంచి)

జవాబు: కంపెనీ వేయొచ్చని చెప్తేనే. ఈ లైట్లలో మామూలుగా వేసే సీఆర్123ఏ 3 వోల్టుల లిథియం సెల్, అదే సైజులో దొరికే ఛార్జింగ్ సెల్స్‌లో వోల్టేజ్ ఎక్కువుంటుంది, లైటు కాలిపోవచ్చు. పాత సెల్, కొత్త సెల్ కలిపి అస్సలు వేయకండి, మార్చినప్పుడు రెండూ ఒకేసారి మార్చండి. షూటింగ్ రేంజ్‌కి ప్రాక్టీస్‌కి వెళ్లొచ్చాక అద్దం మీద మసి తుడవండి, అది పేరుకుంటే వెలుగు బాగా తగ్గిపోద్ది.