విడాకుల తర్వాతి కథలో మిస్టరీ, ప్రేమ రెండూ ఇముడుతాయా?

విడాకులైన ఆడమనిషి కథలో మిస్టరీ, ప్రేమ రెండూ పెట్టి నవల రాస్తే అతుకుతుందా, ఒకదాన్ని ఇంకొకటి మింగేయదా అని అడిగారు. చక్కగా అతుకుతుంది. హత్యలు, శవాలు మాత్రం అక్కర్లేదు. విడాకుల దాకా వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒక మిస్టరీ ఉండే ఉంటుంది.

నాది కర్నూలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు మేం పాతబస్తీలో అద్దెకుండేవాళ్లం. నీళ్లు తీశాక ఇల్లంతా బురద. బీరువా తలుపు ఊడిపోయి ఉంది, అమ్మ పెట్టిన రెండు పేటల గొలుసు కనిపించలేదు. పిండి జల్లెడ తీసుకుని మూడు రోజులు ఆ బురద జల్లించాను. అప్పటి నా భర్త పక్కనే గొంతుక్కూర్చుని చెంబుతో నీళ్లు పోశాడు. "ఏటిపాలైందనుకో, బాధపడొద్దు" అన్నాడు. ఊళ్లో ఎంతమంది సొమ్మో అలాగే పోయింది కదా, నమ్మాను.

2013లో విడిపోయాం. సామాను పంచుకున్నప్పుడు, అటక మీద ఉండి తడవకుండా మిగిలిన రేకుపెట్టె నా వాటాకి వచ్చింది. అడుగున పరిచిన పేపరు కింద కుదువ అంగడి రసీదు. రెండు పేటల గొలుసు, మూడున్నర తులాలు. తేదీ 2009 ఆగస్టు. వరదకి రెండు నెలల ముందు!

ఆ అంగడికి వెళ్లాను. పెద్దాయన కళ్లద్దాలు ఎత్తి చూసి, "యాడిదమ్మా ఇంత పాతది? ఎప్పుడో వేలమైపోయింటాది" అన్నాడు. గొలుసు సంగతి అక్కడితో వదిలేశాను. అన్నీ తెలిసి మూడు రోజులు నా పక్కన కూర్చుని నీళ్లెలా పోశాడన్నది మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు. మీ నవలకి ఇలాంటి మిస్టరీ కావాలి.

ఇంకో మాట. దయచేసి కోర్టు ఘట్టం ఒక్క పేజీలో ముగించకండి. ఇద్దరికీ ఇష్టమై విడిపోవాలన్నా ముందు ఏడాది వేరుగా ఉండాలి, పిటిషన్ వేశాక మళ్లీ ఆరు నెలలు ఆగాలి. అవసరమైతే ఆ ఆరు నెలల్ని కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, మా అప్పటికి ఆ తీర్పు రాలేదు, మేం మొత్తం ఆగాం. నన్ను పేరంటానికి పిలవాలో వద్దో తేలక ఇరుగుపొరుగు తల తిప్పుకుపోయిన రోజులవి. వాటిలోనే బోలెడు కథ ఉంది. నవలల్లో వాటిని దాటేసి హీరోయిన్ని నేరుగా హైదరాబాదు బస్సెక్కిస్తారు, అక్కడో పోలీసాఫీసరు ఎదురవుతాడు. నాకు చాలా కోపం వస్తుంది.

ఆ రోజు నన్ను అంగడికి స్కూటర్ మీద తీసుకెళ్లింది మా ఆఫీసులో పనిచేసే ఆయన. బయట వేపచెట్టు కింద నిలబడ్డారు, తిరిగొచ్చాక ఏమైందని అడగలేదు. రెండేళ్ల తర్వాత పెళ్లి మాటెత్తితే, "ముందు మీ కాగితాలన్నీ చూడాలి" అన్నాను. మర్నాడు ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టారు. పాసుబుక్కు, ఎల్ఐసీ బాండు, అన్నిటికంటే పైన వాళ్లమ్మ గాజుల మీద తీసుకున్న బంగారు లోను కాగితం. ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది ఆ కాగితం చూసిన రోజే.