ఏది చెప్పినా ‘తర్వాత చూస్తాలే’ అంటోంది అమ్మ

ప్రశ్న: నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. అమ్మకి 63 ఏళ్లు. ఒకప్పుడు నవలలు తెగ చదివేది, పాటలు వినేది. ఇప్పుడు టీవీ ముందు కూర్చుంటుంది గానీ అందులో ఏం వస్తోందో అడిగితే చెప్పలేదు. మనసు మళ్లుతుందని సినిమాలు, సిరీస్‌లు, పుస్తకాలు వెతికి వెతికి పంపిస్తున్నాను. ‘తర్వాత చూస్తాలే’ అంటుంది, చూడదు. మొన్న విసుగొచ్చి గట్టిగా అనేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మకి నచ్చేలా ఏవి చెప్పమంటారు?

జవాబు: ముందు పంపడం ఆపండి. ఒక వారం పాటు ఒక్క లింకు కూడా వద్దు. మీరు ప్రేమగా పంపినవన్నీ ఆవిడ దగ్గర బాకీల్లా పేరుకుపోయాయి. చూడకపోతే కూతురు నొచ్చుకుంటుంది, చూస్తే ఎలా ఉందో చెప్పాలి. పదే పదే ‘ఇది చెయ్యి’ అంటే మనసు అడ్డం తిరగడం మామూలే. జాక్ బ్రెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లోనే దీనికి ‘రియాక్టెన్స్’ అని పేరు పెట్టారు. మొన్నటి మాటకి ‘గట్టిగా అన్నాను, తప్పు నాదే’ అని చెప్పేయండి. ‘నీ మంచి కోసమే కదా’ అన్న తోక మాత్రం తగిలించకండి.

సినిమాల సంగతికి వెళ్లేముందు ఒకటి చూసుకోవాలి. ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి లేకపోవడం, దిగులు రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటూ, నిద్ర, ఆకలి కూడా దెబ్బతింటే అది డిప్రెషన్ కావచ్చు. మనిషి పోయిన బాధ రోజువారీ పనులు కూడా సాగనివ్వకుండా నిలిచిపోతే దాన్నీ విడిగా గుర్తిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం ఇందుకు కనీస గడువు ఆరు నెలలు, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రకారం పెద్దవాళ్లకి పన్నెండు నెలలు. మీ అమ్మగారిది ఎనిమిదో నెల కాబట్టి ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించడం తొందరపాటు కాదు. ‘నేనుండి ఎందుకు’ లాంటి మాట వినిపిస్తే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి.

ఇక మీరు అడిగినదానికి వద్దాం. దుఃఖంలో ఏకాగ్రత నిలవదు. చదివిన పేజీయే నాలుగుసార్లు చదవాల్సి వస్తుంది. కొత్త కథంటే పది పాత్రల పేర్లు గుర్తుంచుకోవాలి, ముందు ఏమవుతుందో అని బెంగపడాలి. అంత ఓపిక ఇప్పుడు ఆవిడకి లేదు. అందుకే ఆవిడ ఎప్పుడో చూసి ఇష్టపడ్డవాటితోనే మొదలుపెట్టండి. కథ తెలిసిందే కాబట్టి మధ్యలో మనసు ఎటో వెళ్లొచ్చినా నష్టం లేదు. ‘తప్పక చూడాల్సినవి’ అంటూ తిరిగే జాబితాలు ఇక్కడ దండగ, అవి తయారుచేసినవాళ్లకి మీ అమ్మగారెవరో తెలీదు.

‘ఏం చూస్తావమ్మా?’ అని అడిగితే ‘ఏమీ వద్దు’ అనే వస్తుంది. ‘ఇదా, అదా?’ అని రెండే చెప్పండి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో ఏ కథకాకథ ముగిసిపోయే ఎపిసోడ్లు మేలు. ఆటోప్లే తీసేయండి, లేకపోతే ఒకటి అయ్యేలోపు ఇంకోటి మీద పడుతుంది. కొత్తది పెట్టాలనుకుంటే ముందు మీరు పూర్తిగా చూడండి. హాయిగా నవ్వించే సినిమాలో కూడా ఎక్కడో ఒక ఆస్పత్రి సీను ఉంటుంది, ఆ సంగతి కథాసారాంశంలో రాయరు. అయినా అలాంటిది వచ్చేస్తే రిమోట్ లాక్కోకండి, ‘ఆపనా?’ అని అడగండి. చాలామంది వద్దంటారు.

టీవీ చూస్తున్నా ఏం వస్తోందో చెప్పలేకపోతున్నారంటే చెవుల్ని కూడా అనుమానించండి. వయసుతోపాటు ముందు తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తి. స, ష, ఫ లాంటివి జారిపోయి మాట వినపడుతుంది గానీ అర్థం కాదు. వాల్యూమ్ పెంచితే వెనక సంగీతం కూడా పెరుగుతుంది. సెట్టింగుల్లో మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ ఉంటే పెట్టండి, సబ్‌టైటిల్స్ అక్షరాలు పెద్దవి చేయండి, వినికిడి పరీక్ష చేయించండి.

పాటల్లో అందరూ చేసే పొరపాటు, దిగులుగా ఉన్న మనిషికి హుషారు పాట పెట్టడం. మ్యూజిక్ థెరపీలో ‘ఐసో సూత్రం’ అని ఉంది. ముందు మనసు ఎలా ఉందో అలాంటి పాట, అక్కణ్ణుంచి మెల్లగా పైకి. నెమ్మదిగా సాగేవి రెండు, మధ్యస్థంగా ఉండేవి రెండు, చివర కాస్త వెలుగున్నది ఒకటి, మొత్తం పాతిక నిమిషాలు చాలు. వింటూ ఏడిస్తే పాట మార్చేయకండి, పక్కన కూర్చోండి. విన్న ప్రతిసారీ మరింత కుంగిపోతుంటే కొన్నాళ్లు పాటలు పక్కనపెట్టండి.

పుస్తకమైతే నాలుగైదు పేజీల కథలు. కళ్లద్దాల పవర్ సరిచూడండి. పెద్దచ్చు, లేదా అక్షరం పెంచుకోగల పరికరం ఇవ్వండి. ఆడియో పుస్తకానికి ముందు రెండు నిమిషాల నమూనా వినిపించండి, గొంతు నచ్చకపోతే ఎంత గొప్ప పుస్తకమైనా ముందుకు సాగదు. వేగం 0.9కి తగ్గించి, పడుకునేటప్పుడైతే పదిహేను నిమిషాలకి స్లీప్ టైమర్ పెట్టండి.

చూస్తున్నప్పుడు మీరూ పక్కనే ఉండండి, ఫోన్ వేరే గదిలో పెట్టి. అయ్యాక ‘ఎలా ఉంది?’ అని పరీక్ష పెట్టకండి. ‘ఆ అత్త పాత్ర నాకైతే అస్సలు నచ్చలేదు’ అనండి. కాదనడానికైనా నోరు విప్పుతారు.

ఆ వారం గడిచాక అసలు పని మొదలుపెట్టండి. సిఫార్సు చేయాల్సింది మీరు కాదు, ఆవిడ. ‘నా వయసులో ఉన్నప్పుడు నువ్వు ఏ నవల వదలకుండా చదివావు? నాకొకటి చెప్పు’ అని అడగండి. ఎనిమిది నెలలుగా అందరూ ఆవిడకి ఇచ్చేవాళ్లే, ఆవిణ్ణి అడిగినవాళ్లు లేరు. వెంటనే చెప్పకపోవచ్చు, నాలుగు రోజుల తర్వాత వంటగదిలోంచి ఒక పేరు వినిపించవచ్చు. అది మీకు నచ్చేరకం కాకపోయినా చివరిదాకా చదవండి. సగంలో ఆపేసి చదివేశానని మాత్రం చెప్పకండి, ఆవిడ మొదట అడిగేది ముగింపు గురించే.